నేల అంతా కొట్టుకుపోతే ఏమవుతుంది?
(జేమ్స్ హట్టన్ గారి జీవితం)

ఈసారి నేను జేమ్స్ హట్టన్ గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1726లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో పట్టణంలో పుట్టారు. చిన్నప్పుడే నాన్న చనిపోయారు. తల్లే పెంచి చదివించింది. 1749లో డాక్టరు చదువు పూర్తి చేశారు. కాని వైద్యం చేయలేదు. నాన్న వదిలిపోయిన పొలానికి పోయి సేద్యం మొదలుపెట్టారు.

అక్కడ వాన పడినప్పుడల్లా మంచి మట్టి కాలవలోకి పోయేది. కాలవ నుంచి ఏటిలోకి, ఏటి నుంచి సముద్రంలోకి పోయేది. ఇట్లా పోతానే ఉంటే ఒకనాటికి నేలంతా అయిపోవాలి కదా! మరి ఇంకా ఎందుకు ఉంది? ఆయనకు ఈ అనుమానం పట్టుకుంది.

చాలా ఏళ్లు ఆలోచించారు. రాళ్లు చూసుకుంటూ తిరిగారు. చివరికి ఇట్లా తేల్చారు. పోయిన మట్టి, ఇసుక సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుంటాయి. గట్టిపడి రాయి అవుతాయి. భూమి లోపలి వేడి ఆ రాయిని పైకి లేపుతుంది. అదే కొత్త నేల. దాన్ని మళ్లీ వాన అరగదీస్తుంది. ఈ సంగతి 1785లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ముందు పెట్టారు.

అప్పుడు ఆ దేశాల్లో చాలామంది భూమి పుట్టి సుమారు 6,000 ఏళ్లే అనుకునేవారు. ఇంత నిదానంగా జరిగే పనికి ఆ కాలం చాలదు. అందుకే ఆయన గట్టి సాక్ష్యం కోసం వెతికారు. 1788లో ఇద్దరు స్నేహితులతో పడవ ఎక్కి సిక్కార్ పాయింట్ అనే సముద్రపు ఒడ్డుకు పోయారు. అక్కడ కింద బూడిదరంగు రాళ్లు, పుస్తకాలు నిలబెట్టినట్టు నిలువుగా ఉన్నాయి. వాటి మీద ఎర్ర ఇసుకరాయి కొంచెం వాలుగా పరుచుకొని ఉంది. అంటే కింది రాయి సముద్రంలో ఏర్పడి, పైకి లేచి, అరిగిపోయిన తరవాతే దాని మీద ఎర్ర పొర పడిందన్నమాట. ఆ రెండు రాళ్లకు మధ్య సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల తేడా ఉందని ఇప్పటి శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

1795లో ఆయన పెద్ద పుస్తకం రాశారు. అది చదవడానికి చాలా కష్టంగా ఉండేది. 1797లో చనిపోయారు. ఆ రోజు పడవలో వెంట పోయిన జాన్ ప్లేఫేర్ గారు 1802లో అదే సంగతిని తేలికగా రాశారు. అప్పుడు ఎక్కువ మందికి అర్థమయింది.

మా ఊర్లో వానాకాలం వాగు ఎర్రగా పారుతుంది. మా నాన్న కొండ చేనులో వాలుకు అడ్డంగా రాళ్లు పేరుస్తాడు. ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తెలిసింది. పోయిన నేల మళ్లీ వస్తుంది గాని కోట్ల ఏళ్లు పడుతుంది. అందాక మన ఇంట్లో తిండి ఆగదు కదా. ఈ సెలవులకు పోయినప్పుడు నేనూ రాళ్లు మోస్తాను. మీరు కూడా మీ చేనులో మట్టి ఎటు పోతుందో చూసి వచ్చి, ఈ గోడ మీద రాయండి.

– తొమ్మిదో తరగతి