దారులు కొలిచిన డేవిడ్ థాంప్సన్

డేవిడ్ థాంప్సన్ 1770లో లండన్ నగరంలో జన్మించాడు. రెండేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకొని, ధర్మ పాఠశాలలో చదువుకొన్నాడు. పద్నాలుగో ఏట హడ్సన్స్ బే కంపెనీలో పనికి కుదిరి, ఓడలో కెనడా చేరాడు. ఆదివాసుల నుండి బీవర్ అనే జంతువు తోళ్ళను కొని ఐరోపాకు పంపడం ఆ కంపెనీ వ్యాపారం.

ఆ అడవులలో బాటలు తక్కువ, నదులే దారులు. భూర్జవృక్షం బెరడుతో చేసిన తేలికైన పడవలలో సరుకు సాగేది. నీరు రాళ్ళపై ఉరికే చోట పడవనూ మూటలనూ భుజాన మోసుకొని నడవవలసిందే.

1788లో థాంప్సన్ కాలు విరిగింది. కోలుకొనే రోజులను అతడు వృథా చేయలేదు. సూర్యచంద్రులను, నక్షత్రాలను బట్టి తానున్న చోటును లెక్కకట్టే విద్య నేర్చాడు. ఇంతలో కుడికంటి చూపు పోయింది. అయినా కొలతలు మానలేదు. ఆదివాసులు అతనికి నక్షత్రాలను చూచేవాడని పేరు పెట్టారు. వారు దారి చూపి ఆదుకోబట్టే అతని ప్రయాణాలు సాగాయి.

1797లో నార్త్ వెస్ట్ కంపెనీలో చేరాడు. క్రీ జాతి తల్లికి పుట్టిన షార్లెట్‌ను 1799లో పెండ్లాడాడు. పిల్లలతో సహా ఆమె అనేక ప్రయాణాలలో భర్త వెంట నడిచింది. 1811లో అతడు కొలంబియా నది వెంట పసిఫిక్ తీరం చేరాడు. 1814లో పశ్చిమ కెనడా పటాన్ని పూర్తిచేశాడు.

ముసలితనంలో పేదరికం చుట్టుముట్టింది. కొలత పరికరాలను సైతం అమ్ముకొన్నాడు. 1857లో కన్నుమూశాడు. చాలాకాలం వరకు అతని సమాధిపై పేరైనా లేదు. కానీ అతని కొలతలు నిలిచాయి. 2008లో కొన్ని బృందాలు పెద్ద పడవలలో తెడ్లు వేస్తూ, రాకీ మౌంటెన్ హౌస్ నుండి థండర్ బే వరకు ఆ పాత జలమార్గాన ప్రయాణించి అతనిని స్మరించుకొన్నాయి. శ్రద్ధతో చేసిన పని, చేసినవాని తరువాత కూడా బతుకుతుంది.