సర్ చంద్రశేఖర వేంకట రామన్ గారి జీవితము

విద్యార్థులారా! చెరువులో రాయి వైచినపుడు అలలు వలయములై గట్టు చేరుటను చూడని బాలుడు మన తెల్లాపూరులో నుండడు. ఆ నీరు గట్టునకు నడచి రాదు; దాని కదలిక మాత్రమే వచ్చును. నీటిపై తేలు ఆకు ఉన్నచోటనే లేచుచు దిగుచు నుండుటయే ఇందుకు సాక్ష్యము. ధ్వనియు నిట్టిదే. గాలి అదుముకొనుచు సడలుచు దానిని సెకనునకు సుమారు 340 మీటర్ల వేగమున మోసికొనిపోవును. వెలుగును తరంగమే, అయితే దానికి గాలి అక్కరలేదు. శూన్యమునందైనను అది సెకనునకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు సాగును. ఈ తరంగముల పరిశోధనకే జీవితము నర్పించిన సర్ సి. వి. రామన్ గారి చరిత్రమును సంగ్రహముగా దెలుప గోరెదము.

రామన్ గారు 1888 వ సంవత్సరము నవంబరు 7 వ తేదిన తిరుచిరాపల్లి చెంత జనించిరి. మాతృభాష తమిళమైనను వారి బాల్యవిద్య తెలుగునాట జరిగెను. తండ్రిగారగు చంద్రశేఖర అయ్యరు గారు విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించిరి. 1847 లో క్రైస్తవ మిషనరీలు స్థాపించిన సెయింట్ అలోషియస్ పాఠశాలలో ఈ బాలుడు చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థుడయ్యెను. పిమ్మట తండ్రిగారి కళాశాలలోను, తరువాత చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలోను విద్య కొనసాగెను. 1904 లో బి. ఏ. పరీక్షయందు ప్రథములై స్వర్ణపతకము నందిరి. ఇరుకైన ద్వారము గుండ ఏటవాలుగా పోవు వెలుగు ఏర్పరచు చారలను గూర్చి వారు వ్రాసిన వ్యాసము 1906 లో ఇంగ్లాండు పత్రికలో వెలువడెను. అప్పటికి వారి వయస్సు పదునెనిమిదేండ్లు.

ఆ దినములలో శాస్త్రపరిశోధనను వృత్తిగా గైకొనుటకు ఈ దేశమున మార్గము లేకుండెను. సీమకు పోవుటకు వారి దేహారోగ్యము చాలదని వైద్యులు చెప్పిరి. కావున 1907 లో ఆర్థికశాఖ పరీక్షయందు నెగ్గి కలకత్తాలో నుద్యోగమున ప్రవేశించిరి. ఆ నగరమున మహేంద్రలాల్ సర్కారు గారు 1876 లో నెలకొల్పిన విజ్ఞానసంఘము బౌబజారు వీధిలో నుండెను. రామన్ గారు కచేరికి పోకమునుపు ఉదయమునను, కచేరి ముగిసిన పిమ్మట రాత్రివేళను అచట పరిశోధించుచుండిరి. మధ్య రంగూనునకును, నాగపురమునకును బదిలీ అయినను వారి పట్టుదల సడలలేదు. 1917 లో కలకత్తా విశ్వవిద్యాలయమువారు ఆచార్యపదవి నీయగా, జీతము చాల తగ్గునని యెరిగియు, సర్కారు కొలువును విడిచి దాని నంగీకరించిరి. సంసారియైనవానికి ఇది చిన్న త్యాగము గాదు.

మొదట వారిని విశేషముగా నాకర్షించినది సంగీతధ్వని. సామాన్యమైన డోలు చర్మమును కొట్టిన, దాని వివిధ కంపనములు ఒకదానితో నొకటి పొందుపడవు. అందుచేత చప్పుడే గాని స్వరము పుట్టదు. మృదంగమునకును తబలాకును నడుమనున్న నల్లని పూత చర్మమునకు బరువై, ఆ కంపనములను మూలస్వరమునకు రెండింతలు, మూడింతలు, ఇట్లు అయిదింతలవరకును సరిగా కుదుర్చునని రామన్ గారు నిరూపించిరి. మన వాద్యకారులు చెవినే గురువుగా జేసికొని సాధించిన నేర్పునకు శాస్త్రకారణ మిట్లు తేలెను. గోలకొండ ద్వారముకడ చరచిన చప్పట్లు బాలాహిసారుపై వినబడుట మీ రెరుగుదురు గదా! అట్లే లండనులోని సెయింట్ పాల్ దేవాలయపు గుమ్మటమునందును, బిజాపురపు గోల్ గుంబజునందును గుసగుస మాట సైతము వంపుగోడ వెంబడి ఆవలి ప్రక్కకు ప్రాకిపోవును. రామన్ గారు ఈ వింతను గూడ పరీక్షించిరి.

1921 లో వారు ఇంగ్లాండునకు పోయి, ఓడపై మరలివచ్చుచు మధ్యధరా సముద్రపు గాఢమైన నీలిమను చూచిరి. ఆకాశపు నీడయే సముద్రపు నీలవర్ణమని లార్డ్ రేలీ అను మహాపండితుడు చెప్పియుండెను. ఆయనయెడ గౌరవముండినను, పరీక్షింపక నమ్ముట రామన్ గారికి సరిపడలేదు. నీటిపై ప్రతిఫలించిన ఆకాశకాంతిని నికల్ పట్టకముతో నణచి చూడగా నీలిమ పోలేదు సరిగదా, మరింత చిక్కనాయెను. నీటి యణువులే వెలుగును చెదరగొట్టి ఆ రంగును గలిగించుచున్నవని వారు నిశ్చయించిరి.

దానినుండి ఏడేండ్లు ఎడతెగని పరిశ్రమ సాగెను. ఒకే రంగు వెలుగును శుద్ధమైన ద్రవములోనికి పంపగా, చెదరిన వెలుగులో అతిస్వల్పభాగము రంగు మారివచ్చుచుండెను. వెలుగు అణువునకు కొంత శక్తి నిచ్చియో, దానివద్ద కొంత పుచ్చుకొనియో వచ్చుటయే ఇందుకు కారణము. మారిన రంగు ఆయా పదార్థమునుబట్టి యుండుటచే అది యణువునకు వ్రేలిముద్రవంటిది. 1928 ఫిబ్రవరి 28 వ తేదిన ఈ ఫలము స్పష్టమాయెను. మాస్కోలో నిద్దరు పండితులు స్ఫటికములయందు ఆ కాలముననే దీనిని గనిరి. రామన్ గారు జాగు సేయక ప్రకటించిరి. ఈ కార్యమున సహాయులగు కె. ఎస్. కృష్ణన్ గారి పాలు మిక్కిలి గొప్పది. 1930 లో నోబెల్ బహుమానము మాత్రము రామన్ గారికే లభించెను. ఆ కీర్తిని తలంచునపుడు కృష్ణన్ గారిని మరచుట మనకు న్యాయము గాదు.

1933 లో రామన్ గారు బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులైరి. అచట నాగేంద్రనాథ్ గారితో కలసి, చెవికి వినరాని ధ్వనితరంగములు ద్రవములో సాగునపుడు వెలుగు ఏలాగు చీలునో వివరించిరి. వారు జీవితమెల్ల వేర్వేరుగా విచారించిన ధ్వనియు వెలుగును ఇట్లొక్కచోట కలిసెను. నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతము గారు 1928 లోనే వారికి శిష్యులై, తరువాత 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఈ విధముగా ఆ విద్య మన ప్రాంతమునకును దక్కెను.

1954 లో భారతరత్న బిరుదము నందిన రామన్ గారు 1970 నవంబరు 21 వ తేదిన బెంగుళూరులో దివంగతులైరి. 1987 నుండి ఫిబ్రవరి 28 వ తేది జాతీయ విజ్ఞానదినముగా నాచరింపబడుచున్నది. వారు చూచిన సముద్రమును వేలమంది చూచిరి. వారు విన్న మృదంగమును లక్షలమంది వినిరి. కాని ఏల యిట్లున్నదని అడిగి, ఉత్తరము దొరకువరకు విడువనివారు అరుదు. బాలబాలికలారా! పాఠ్యపుస్తకములోని మాటనైనను, గురువుల మాటనైనను గౌరవముతో వినుడు. పిమ్మట మీ కన్నులతోను చెవులతోను పరీక్షింపుడు. ఇదియే ఆ మహనీయుని జీవితము మనకు నేర్పు పాఠమని మా విశ్వాసము.