గర్భిణులు వేసుకునే ఆ చిన్న మాత్ర వెనుక భీమవరం బిడ్డ.. ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఏ ఊళ్లో ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా గర్భం నిలిచిందని తేలగానే ఇచ్చే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. దాని వెనుక ఓ తెలుగాయన కష్టం ఉందని చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుని ఇంగ్లిష్ ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది.

ఆ తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీపై పరిశోధనలు చేశారు. 1940లో లెడర్లీ ల్యాబ్స్‌కు మారారు. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు పనికొచ్చిన మందు కూడా ఇదే!

పిండంలో దీని పనేంటి?

పిండం తొలి వారాల్లో కణాలు ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతుంటాయి. ఎటు వెళ్లాలో వాటికి దారి చూపే సంకేతాల్లో గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు ముఖ్యమైనవి. ఫోలిక్ యాసిడ్ ఆ సంకేతం కాదు. కణం రెండుగా చీలేటప్పుడు కొత్త డీఎన్ఏ తయారీకి కావాల్సిన సరుకు. అది చాలకపోతే మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం సరిగ్గా మూసుకోకపోయే ముప్పు పెరుగుతుంది.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా ఆయన టీమ్ తయారు చేసిందే. 1947లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు వాడారు. కణాల పెరుగుదలను ఆపే ఆ గుణమే గర్భంలోని బిడ్డకు మాత్రం ప్రమాదమని తర్వాత తేలింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు అమెరికాలోనే కన్నుమూశారు. మళ్లీ సొంతగడ్డపై అడుగుపెట్టలేదు. ఆయన పోయిన 43 ఏళ్లకు, 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం ఫలితాలొచ్చాయి. అంతకుముందు ఈ లోపంతో బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే, అది మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. పిండం ఏర్పడిన దాదాపు 28 రోజులకే ఆ గొట్టం మూసుకుపోతుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన విషయమే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టర్‌ను అడిగి ఈ మాత్ర మొదలుపెట్టాలి.