ఒంటి చేత్తో ఎంజైమ్ గుట్టు విప్పిన సమ్నర్

జేమ్స్ సమ్నర్‌ది ఎడమచేతి వాటం. 17 ఏళ్ల వయసులో వేటకెళ్తే తోటివాడి తుపాకీ పొరపాటున పేలి, ఆ ఎడమ చెయ్యే మోచేతి కింద నుంచి పోయింది. కుడిచేత్తో అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నారు, టెన్నిస్‌తో సహా.

1887లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో పరిశోధన చేస్తానంటే, ఒంటి చేత్తో కెమిస్ట్రీ కుదరదని, లా చదువుకోమని ప్రొఫెసర్ ఆటో ఫోలిన్ సలహా ఇచ్చారు. (తర్వాత మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిందీ ఈ ఫోలిన్ విభాగంలోనే.) సమ్నర్ వినలేదు. 1914లో అక్కడే డాక్టరేట్ తీసుకుని కార్నెల్ యూనివర్సిటీలో చేరారు.

మన ఒంట్లోని కణాల్లో క్షణక్షణం రసాయన చర్యలు జరుగుతుంటాయి. వాటంతట వాటికే వదిలేస్తే కొన్నింటికి ఏళ్లు పడుతుంది. ఎంజైమ్ ఒక అణువును తన గుంతలో సరిగ్గా పట్టుకుని, చర్య మొదలవ్వడానికి కావాల్సిన శక్తిని తగ్గిస్తుంది. అందుకే రెప్పపాటులో పని అయిపోతుంది. ఎంజైమ్ మాత్రం ఖర్చు కాదు, వెంటనే ఇంకో అణువును పట్టుకుంటుంది. ఇంతకీ అది ఏ పదార్థం? అప్పటికి తేలలేదు.

1917లో సమ్నర్ జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల పిండి ముందేసుకుని కూర్చున్నారు. యూరియాను విరగ్గొట్టే యూరియేజ్ అందులో బాగా ఉంటుంది. తొమ్మిదేళ్లు పట్టింది. 1926లో, అసిటోన్ కలిపి చలిలో ఉంచిన ద్రవంలో సన్నటి స్ఫటికాలు కనిపించాయి. పరీక్షిస్తే ప్రొటీన్!

జర్మనీలో నోబెల్ గ్రహీత విల్‌స్టాటర్ వర్గం ఒప్పుకోలేదు. ప్రొటీన్ వట్టి మోతగాడేనని, అసలు ఎంజైమ్ వేరని వాళ్ల వాదన. 1930లో జాన్ నార్త్రప్ కడుపులోని పెప్సిన్‌నూ స్ఫటికాలుగా తీశాక నోళ్లు మూతబడ్డాయి. 1946 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం సమ్నర్‌కు దక్కింది. 1955లో కన్నుమూసేదాకా ఆయన కార్నెల్‌ మనిషే.