జూలియా పుట్టినరోజు కోరిక

పుట్టినరోజున కేకు మీది కొవ్వొత్తులు ఊదేముందు మనసులో ఒక కోరిక కోరుకోవడం అమెరికా వాళ్ల అలవాటు. మామూలుగా ఎవరైనా ఏం కోరుకుంటారు? పిల్లల చదువు, ఇంట్లో వాళ్ల ఆరోగ్యం, సొంత ఇల్లు... జూలియా రాబిన్సన్ మాత్రం ఏళ్ల తరబడి ప్రతి డిసెంబరు 8న ఒక్కటే కోరుకుంది. ఒక లెక్క తేలాలి అని! తనే తేల్చాలని కూడా కాదు. ఎవరు తేల్చినా సరే, దాని జవాబు తెలియకుండా తను కన్నుమూయకూడదు. అంతే.

ఆ కన్నుమూయడం అన్న మాట ఊరికే వచ్చింది కాదు. దానికో కథ ఉంది.

జూలియా బౌమన్ 1919లో సెయింట్ లూయిస్ నగరంలో పుట్టింది. రెండేళ్లకే తల్లి పోయింది. తండ్రి ఇద్దరు ఆడపిల్లల్నీ అరిజోనా ఎడారిలో ఉన్న నాయనమ్మ దగ్గరికి పంపేశాడు. జూలియాకి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవైనా అక్క కాన్‌స్టన్స్‌కి తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. అక్కే దుబాసీ! నిలువెత్తు జెముడు చెట్టు నీడలో కూర్చుని గులకరాళ్లు వరసగా పేర్చుకోవడం ఆ పిల్లకి గుర్తున్న మొట్టమొదటి జ్ఞాపకమట. కొన్నాళ్లకి తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కుటుంబం శాన్ డియేగో చేరింది.

తొమ్మిదో ఏట స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. దాని వెనకే రుమాటిక్ ఫీవర్. కీళ్లనొప్పులతో మొదలై గుండె కవాటాల్ని పాడుచేసే పాడు జబ్బు అది. పెన్సిలిన్ ఇంకా వాడకంలోకి రాని రోజులు. ఒక నర్సు ఇంట్లో ఏడాది పాటు మంచం మీదే ఉండిపోయింది. బడి రెండేళ్లకు పైగా పోయింది. తర్వాత ఒక రిటైర్డ్ టీచరమ్మ వారానికి మూడు రోజుల చొప్పున, ఒక్క ఏడాదిలో నాలుగు క్లాసుల పాఠాలు పూర్తిచేయించింది. ఆవిడే ఒకరోజు, రెండుకి వర్గమూలం కట్టుకుంటూ పోతే దశాంశాలు ఎక్కడా మళ్లీ మళ్లీ ఒకే వరసలో తిరగవని చెప్పింది. చివరిదాకా వెళ్లి చూడకుండా ఆ సంగతి ఎలా తెలిసింది? జూలియా ఆ మధ్యాహ్నమంతా కాగితం మీద కడుతూ కూర్చుంది.

హైస్కూల్లో పై క్లాసుల లెక్కల్లో, ఫిజిక్సులో తనొక్కతే ఆడపిల్ల. కాలేజీలో ఉండగా, 1937లో, ఆర్థిక మాంద్యంలో దాచుకున్నదంతా పోగొట్టుకున్న తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. అయినా చదువు ఆగలేదు. టీచరుగా ఉద్యోగం చేస్తున్న అక్క సాయంతో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడ సంఖ్యల పాఠం చెప్పిన యువకుడు రాఫెల్ రాబిన్సన్. పాఠాలు సాయంత్రపు నడకలయ్యాయి, నడకలు పెళ్లిదాకా వచ్చాయి. 1941 డిసెంబరులో పెళ్లి.

పెళ్లితో పాటు ఒక నిబంధన కూడా మెడకి తగులుకుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే విభాగంలో పనిచేయకూడదు! భర్త లెక్కల విభాగంలో ఉన్నాడు కాబట్టి ఆవిడకి అక్కడ చోటు లేదు. ఇద్దర్లో ఎవరు తప్పుకోవాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

జూలియాకి దాని బాధ అప్పట్లో పెద్దగా లేదు. ఆవిడ కోరుకున్నది పిల్లల్ని. కడుపు పండింది, కొన్ని నెలలకే పోయింది. అప్పుడు బయటపడింది గుండె సంగతి. ఇక పిల్లల ఊసెత్తొద్దన్నాడు డాక్టరు. నలభై ఏళ్లు దాటి బతకదని సవతి తల్లికి విడిగా చెప్పాడట. జూలియా బాగా కుంగిపోయింది. అలాంటి సమయంలో రాఫెల్ ఆవిడని మెల్లగా మళ్లీ లెక్కల వైపు తిప్పాడు. 1948లో తార్‌స్కీ అనే మహా తార్కికుడి దగ్గర డాక్టరేట్ పూర్తయింది. ఆ ఏడే మొదలైంది పుట్టినరోజు లెక్క.

ఇంతకీ ఏమిటా లెక్క? ఆరు రూపాయల సబ్బులు కొన్ని, తొమ్మిది రూపాయలవి కొన్ని కలిపి సరిగ్గా ఇరవై రూపాయలకి కొనగలమా? కొనలేం. ఎన్ని కొన్నా మొత్తం మూడో ఎక్కంలోనే పడుతుంది, ఇరవై అందులో లేదు. ఇది సులువు. ఇప్పుడు ఇంకొకటి. ఒక సంఖ్య వర్గంలోంచి మరో సంఖ్య వర్గానికి 61 రెట్లు తీసేస్తే 1 మిగలాలి. సున్నా పనికిరాదు. చూడ్డానికి చిన్నదే, కానీ దీనికి జవాబయ్యే అతి చిన్న సంఖ్యల్లో మొదటిది 176 కోట్ల పైమాట! మన భాస్కరాచార్యుడు పన్నెండో శతాబ్దంలోనే దాన్ని పట్టుకున్నాడు. ఆ దారి తెలియనివాళ్లు వెతుకుతూ వెతుకుతూ, ఏ పది లక్షల దగ్గరో విసిగి జవాబు లేదనుకుంటే? ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తారు?

ఇలాంటి సమీకరణం ఏది ఇచ్చినా, పూర్ణ సంఖ్యల్లో జవాబు ఉందో లేదో తేల్చే ఒక పద్ధతి కావాలని జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ 1900లో అడిగాడు. ఆయన ఇచ్చిన 23 సమస్యల్లో ఇది పదోది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ కావాలి. 1936లో చర్చ్, ట్యూరింగ్ అనే ఇద్దరు, అసలు పద్ధతి అంటే ఏమిటో కచ్చితంగా నిర్వచించి, కొన్ని ప్రశ్నలకి అలాంటి పద్ధతి ఉండనే ఉండదని రుజువు చేశారు. హిల్బర్ట్ అడిగింది కూడా ఆ బాపతేనా? అదీ జూలియా పట్టుకున్న కొస.

1961లో డేవిస్, పుట్నమ్ అనే ఇద్దరితో కలిసి, ఘాతాలు అంటే రెండు, నాలుగు, ఎనిమిది అని చెలరేగే సంఖ్యలు కలిసిన సమీకరణాలకి ఆ పద్ధతి లేదని తేల్చింది. ఇక మామూలు సమీకరణం ఒక్కటి దొరికితే చాలు, దాని జవాబులు అంత వేగంగానూ పెరగాలి. ఆ ఒక్కటీ దొరకలేదు. ఇంటి తలుపు దాకా వచ్చి తాళంచెవి వెతుక్కున్నట్టు!

అదే ఏడు గుండె ఆపరేషన్ అయింది. డాక్టరు పెట్టిన నలభై గడువు అప్పటికే దాటింది. ఊపిరి కుదుటపడగానే ఆవిడ సైకిలెక్కింది. ఒకటి కాదు, సైకిలు మీద సైకిలు కొంది. పక్కవాళ్ల భార్యలు ఫర్ కోట్లూ, వజ్రాల గాజులూ కొంటుంటే మా ఆవిడ సైకిళ్లు కొంటోందని రాఫెల్ నవ్వుతూ ఫిర్యాదు చేసేవాడట.

1970 జనవరిలో, లెనిన్‌గ్రాడ్‌లో, యూరీ మతియసేవిచ్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆ తాళంచెవి దొరికింది. ఫిబ్రవరిలో కబురు జూలియాని చేరింది. అలాంటి పద్ధతి లేదు, ఉండదు! ఇరవై రెండేళ్లు మోసిన లెక్కని వేరెవరో తేలిస్తే మనకెలా ఉంటుంది? ఆవిడ మాత్రం వెంటనే ఉత్తరం రాసింది. తను ఆ ఊహ చేసేనాటికి యూరీ పసిపిల్లాడనీ, అతను పెరిగేదాకా ఆగడమే తను చేయాల్సిన పని అనీ సరదాగా సంతోషపడింది. మరుసటేడు భర్తతో లెనిన్‌గ్రాడ్ వెళ్లి కలుసుకుంది. రెండు దేశాలూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ కాలంలో వీళ్లిద్దరూ ఉత్తరాల మీదే కలిసి పరిశోధనలు చేశారు.

1976లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ గణిత విభాగానికి ఎన్నికైన మొదటి మహిళ అయింది. ఆ జూలియా రాబిన్సన్ ఎవరని విశ్వవిద్యాలయం ప్రచార విభాగం ఫోన్ చేసి అడిగితే, ప్రొఫెసర్ రాబిన్సన్ గారి భార్య అని జవాబొచ్చిందట! ఆ తర్వాతే అదే విశ్వవిద్యాలయం ఆవిడకి పూర్తి ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. అప్పటికి యాభై ఆరేళ్లు.

1983లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ అధ్యక్షురాలైంది. అక్కడా మొదటి మహిళే. ఓపిక దాచుకోమన్నాడు రాఫెల్. ఆడదాన్నై ఉండి కాదనలేనని ఒప్పుకుంది. నిజానికి మొదటి మహిళ అన్న బిరుదులు ఆవిడకి అంతగా రుచించలేదు. తేల్చిన లెక్కలతో గుర్తుంచుకుంటే చాలనేది.

1984 వేసవిలో రక్తక్యాన్సర్ అని తెలిసింది. తన గురించి రాయడం ఇష్టం లేని జూలియా, అక్క రాస్తానంటే మాత్రం ఒప్పుకుంది. కాన్‌స్టన్స్ అప్పటికే హిల్బర్ట్ జీవితచరిత్ర రాసిన రచయిత్రి. ఆ పుస్తకం వచ్చిందీ 1970లోనే. ఇప్పుడు చెల్లెలి కథని, చెల్లెలే చెప్తున్నట్టు, నేను అంటూ రాసి తనకే చదివి వినిపించింది. జూలియా విని సరేనంది. 1985 జూలై 30న కన్నుమూసింది. చిన్నప్పుడు చెల్లెలి మాటలు అందరికీ విడమరిచి చెప్పిన అక్క రాసిన ఆ కథ, జూలియా రాబిన్సన్ ఆత్మకథ అన్న పేరుతోనే మరుసటేడు అచ్చయింది.