రంగుల బొంగరం తిప్పిన మహాశాస్త్రవేత్త – జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్

న్యూటన్, ఐన్‌స్టీన్ పేర్లు వినని విద్యార్థి ఉండడు. ఆ ఇద్దరికీ నడుమ కాలంలో పుట్టి, ఆ ఇద్దరి సరసన నిలిచిన మరో మహనీయుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. రేడియో, టీవీ, సెల్‌ఫోన్ అన్నీ ఆయన లెక్క కట్టి చెప్పిన విద్యుదయస్కాంత తరంగాల మీదే పనిచేస్తున్నాయి. అంతేకాదు, మన హాస్టల్ వరండాలోని సీసీ కెమెరా పగలు రంగులు ఎలా చూపిస్తుందో, రాత్రి లైట్లు తీసేశాక ఆ రంగులు ఎందుకు పోతాయో తెలియాలన్నా ఆయన దగ్గరికే వెళ్ళాలి. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని తోటి విద్యార్థులకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు పరిచయం చేస్తున్నాం.

బాల్యం – ఎగతాళి పేరు

మాక్స్‌వెల్ 1831 జూన్ 13న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో పుట్టారు. తండ్రి జాన్ న్యాయవాది. గ్లెన్‌లేర్ అనే పల్లెలో వారికి భూములుండేవి. కాబట్టి ఆయన మనలా పేదింట పుట్టినవారు కాదు. కానీ కష్టం ఆయన్నీ వదల్లేదు. ఎనిమిదో ఏట, 1839లో, తల్లి ఫ్రాన్సిస్ క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఇంట్లో చదువు చెప్పడానికి పెట్టిన కుర్ర మాస్టారు ఈ పిల్లవాడు మందమతి అని తేల్చి కఠినంగా చూసేవాడు.

పదో ఏట ఎడిన్‌బరో అకాడమీలో చేర్చారు. ఒంటి మీద తండ్రి ప్రత్యేకంగా కుట్టించిన ముతక బట్టలు, కాళ్ళకు ముందు భాగం పలకగా ఉన్న బూట్లు, నోట పల్లెటూరి యాస. మొదటి రోజే పట్నం పిల్లలు చుట్టుముట్టి ఆటపట్టించారు. సాయంత్రం ఆయన చిరిగిన బట్టలతో ఇంటికి చేరారు. తిక్కవాడు అనే అర్థం వచ్చేలా డాఫ్టీ అని పేరు పెట్టారు. ఆ పేరు చాలాకాలం ఆయన్ను వదల్లేదు. ట్రంకు పెట్టె పట్టుకుని ఊరి నుంచి వచ్చి, బళ్ళో మన మాట తీరుకు ఇతరులు నవ్వుతుంటే తల దించుకున్న మనలో ఎవరికైనా ఇది కొత్త కథ కాదు.

డాఫ్టీ మాత్రం తల దించుకుని కూర్చోలేదు. పద్నాలుగో ఏట దారం, గుండుసూదులతో అండాకారపు వక్రరేఖలు గీసే పద్ధతి మీద వ్యాసం రాశారు. 1846లో దాన్ని ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో చదివారు. అంత చిన్న పిల్లవాడు సభలో నిలబడి చదవడం బాగుండదని ఆయన బదులు ప్రొఫెసర్ ఫోర్బ్స్ చదివి వినిపించారు.

రంగుల బొంగరం

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆ ఫోర్బ్స్ దగ్గరే ఆయనకు రంగుల మీద ఆసక్తి కలిగింది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివి 1854లో గణితంలో రెండో స్థానం సాధించారు.

మన కంట్లో మూడు రకాల గ్రాహకాలు ఉంటాయని, రంగులన్నీ వాటి వల్లే తెలుస్తాయని అంతకు ముందే థామస్ యంగ్ ఊహించారు. దాన్ని కొలిచి చూపినవారు మాక్స్‌వెల్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాగితాలను ఒక బొంగరం మీద అమర్చి, ఏ రంగు ఎంత భాగం కనిపించాలో మార్చుతూ తిప్పేవారు. బొంగరం వేగంగా తిరిగితే రంగులు కలిసిపోయి ఒకే రంగుగా కనిపిస్తాయి. ఇలా ఎన్నో రంగులను అంకెల్లో రాసిపెట్టారు. మనం డ్రాయింగ్‌లో పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుంది కదా! బొంగరం మీద మాత్రం అవే రెండు రంగులు కలిస్తే ఆకుపచ్చ రాదు. రంగు పొడులు కలవడం వేరు, వెలుగులు కలవడం వేరు అని దీనివల్ల రుజువైంది.

1856లో అబర్డీన్‌లోని మారిషల్ కళాశాలలో ప్రొఫెసరయ్యారు. అప్పటికి వయసు 25 ఏళ్ళే. అదే ఏడు తండ్రి పోయారు. 1858లో కాథరిన్‌ను వివాహమాడారు. 1860లో అక్కడి రెండు కళాశాలలను కలిపేయడంతో ఉద్యోగం పోయింది. ఎడిన్‌బరోలో ప్రయత్నిస్తే ఆ పదవి చిన్ననాటి స్నేహితుడు టెయిట్‌కు దక్కింది. అదే ఏడు మశూచి సోకితే భార్య సేవతో బతికి బయటపడ్డారు. ఆ ఏడే లండన్ కింగ్స్ కాలేజీలో చోటు దొరికింది. రంగుల ప్రయోగాల్లో కాథరిన్ ఆయనకు తోడు నిలిచి, తన కళ్ళతో చూసి కొలతలు చెప్పేది.

మొదటి రంగుల ఫోటో

1861 మే 17న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఒక అద్భుతం చూపించారు. ఫోటోగ్రాఫర్ థామస్ సట్టన్ చేత రంగురంగుల గళ్ళ రిబ్బన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం ద్రావణాల గుండా మూడుసార్లు ఫోటో తీయించారు. మూడూ నలుపు తెలుపు ఫోటోలే. వాటిని అవే రంగుల వెలుగులతో తెర మీద ఒకదానిపై ఒకటి పడేలా వేస్తే రిబ్బన్ రంగుల్లో కనిపించింది! నీలం ఫోటోకు ఆరు సెకన్లు సరిపోతే, ఆకుపచ్చకు పన్నెండు నిమిషాలు, ఎరుపుకు ఎనిమిది నిమిషాలు పట్టాయి.

ఇక్కడో చిత్రం ఉంది. ఆ కాలపు ఫోటో పలకలకు ఎరుపు దాదాపు తెలియదు. మరి ఆ ఫోటో ఎలా వచ్చింది? వందేళ్ళ తర్వాత, 1961లో, కోడాక్ సంస్థ పరిశోధకులు జవాబు కనుక్కున్నారు. ఎర్ర రంగు అద్దకం కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని కూడా వెనక్కి పంపింది, ఎర్ర ద్రావణం దాన్ని వదిలింది, పలక దాన్నే పట్టింది. మన కన్ను చూడని వెలుగును కెమెరా చూసిందన్నమాట.

మన వరండాలో కెమెరా

సీసీ కెమెరా లోపల చేసే పని కూడా ఇదే. సెన్సార్ మీది చుక్కలకు వెలుగు ఎంత అన్నదే తెలుసు, ఏ రంగో తెలియదు. అందుకే ఒక్కో చుక్క మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుల్లాంటి ఫిల్టర్లు పరుస్తారు. ఈ అమరికకు కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందారు. ఫిల్టర్ తన రంగును వదిలి మిగతా వెలుగును ఆపేస్తుంది. పగలు నష్టం లేదు. మసక గదిలో అసలే కొద్దిగా ఉన్న వెలుగు ఇంకా తగ్గిపోతుంది. సట్టన్ నిమిషాల తరబడి ఆగగలిగాడు. సెకనుకు 25 బొమ్మలు తీసే కెమెరా ఒక్కో బొమ్మకు సెకనులో 25వ వంతుకు మించి ఆగలేదు. ఇంకా ఆగాలంటే బొమ్మల సంఖ్య తగ్గించాలి, అప్పుడు నడిచే మనిషి చెదిరిపోతాడు.

అందుకే చీకటి పడగానే మామూలు కెమెరా పరారుణ దీపాలు వెలిగిస్తుంది. పగలు ఆ కాంతిని ఆపే అద్దాన్ని పక్కకు తప్పిస్తుంది. పరారుణ కాంతి మూడు ఫిల్టర్ల గుండా దాదాపు ఒకేలా దూరిపోతుంది. మూడూ ఒకే అంకె చెబితే రంగు ఎక్కడిది? బొమ్మ నలుపు తెలుపు అవుతుంది. పైగా చాలా నల్ల పాలిస్టర్ బట్టలు ఆ కాంతిలో తెల్లగా కనబడతాయి.

ఇది తెలియక ఒక రాత్రి మా బ్లాకులో పెద్ద చిక్కే వచ్చింది. సామాను పోతే కెమెరాలో తెల్ల చొక్కా కనబడిందని ఒక తొమ్మిదో తరగతి తమ్ముడి మీద అనుమానం పడింది. సీటు పోతుందని వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మేము నల్ల చొక్కా తొడిగిన ఒకడిని రాత్రి అదే చోట నిలబెట్టి వార్డెన్ సారుకు తెర మీద చూపించాం. చొక్కా తెల్లగా కనబడింది. ఆ తమ్ముడి మీద మాట పోయింది. సారు మర్నాడే అక్కడ రాత్రంతా వెలిగేలా చిన్న తెల్ల బల్బు పెట్టించారు. రంగు కావాలంటే మొదటి మందు అదే, కాస్త తెల్లని వెలుగు. ఎక్కువ వెలుగు పట్టే లెన్సు, పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాలు తక్కువ వెలుగులోనూ రంగు చూపిస్తాయి. కటిక చీకట్లో మాత్రం ఏ కెమెరాకూ రంగు దొరకదు.

చివరి రోజులు

కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని 1865లో మాక్స్‌వెల్ ప్రకటించారు. కంటికి కనిపించే వెలుగూ, కనిపించని పరారుణమూ ఒకే జాతివని అలా తేలింది. 1871లో కేంబ్రిడ్జ్‌లో మొదటి కావెండిష్ ప్రొఫెసరై, 1874లో ప్రారంభమైన ప్రయోగశాలను దగ్గరుండి కట్టించారు. 1879 నవంబర్ 5న, తల్లిని తీసుకుపోయిన క్యాన్సరే ఆయన్నీ తీసుకుపోయింది. వయసు 48 ఏళ్ళు. ఆయన చెప్పిన తరంగాలను హెర్ట్జ్ ప్రయోగంతో నిరూపించింది ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు.

ఇంత పెద్ద ప్రొఫెసర్ పనివాళ్ళకు సాయంత్రం పూట ఉచితంగా పాఠాలు చెప్పారు. మన స్టడీ అవర్‌లో చిన్న తరగతుల తమ్ముళ్ళకు అరగంట లెక్కలు చెప్పడానికి మనకు ప్రొఫెసర్ పదవి అక్కరలేదు. యాస చూసి ఎవరైనా నవ్వితే డాఫ్టీని తలుచుకుందాం. ఒక బొమ్మ చూసి ఎవరి మీదైనా నింద వేసే ముందు, అది ఏ వెలుగులో తీసిందో అడుగుదాం.