పొలానికి కాపలా వాళ్లే.. సర్కారు రికార్డులో దొంగలూ వాళ్లే! ఆ ముద్రపై పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య

నెల్లూరు తీరంలో పంట చేతికొచ్చే టైమ్‌కి రైతులు కాపలా ఎవరిని పెట్టుకునేవాళ్లో తెలుసా? యానాదుల్ని. కాలువలో చేపలు పట్టాలన్నా, పొలంలో ఎలుకల్ని పట్టాలన్నా కబురు వాళ్లకే. చిత్రమేంటంటే, పంటను నమ్మి అప్పగించిన ఆ జనాన్నే బ్రిటిష్ సర్కారు పుట్టు దొంగల లెక్కలో రాసేసింది.

ఆ రాతను చెరిపించడానికి పోరాడిన మనిషి మన నెల్లూరు జిల్లావాడే. పేరు వెన్నెలకంటి రాఘవయ్య. 1897లో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో ఉంటూనే యానాదుల గూడేల బాట పట్టారు.

అసలు ఆ చట్టం ఏం చేసేది? ఉత్తరాదిన 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. అందులో పేరెక్కితే వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి కదలాలి. నేరం చేశారా లేదా అన్నది తర్వాతి సంగతి! పిల్లల్ని అమ్మానాన్నల నుంచి వేరుచేసి ఉంచే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. కావలిలో ఎరుకల వాళ్ల కోసం అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక సెటిల్‌మెంట్ కూడా నడిపింది. అలాంటి చోట పెరిగే పిల్లాడు పలక పట్టకముందే వాడెవరో రిజిస్టర్‌లో రాసి ఉండేది.

మరి ముద్ర వేస్తే చదువు నిజంగా దెబ్బతింటుందా? తింటుంది. 2000 తర్వాత కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు దారి వెతికే పజిళ్లు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు అగ్రకులాల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందు కులం చదివాక వాళ్ల స్కోరు పడిపోయింది. పిల్లలు వాళ్లే, పజిళ్లూ అలాంటివే. మారింది ఆ ఒక్క మాటే.

రాఘవయ్య కాలానికి ఇలాంటి ప్రయోగాలు లేవు. ఆయన పోరాడింది నేరుగా చట్టంతోనే. ఆంధ్ర రాష్ట్ర ఆదిమజాతి సేవక్ సంఘ్ పెట్టి, పిల్లల చదువునూ అందులో భాగం చేశారు. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని ఎత్తేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అయితే ఆ వెంటనే చాలా రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చిపడ్డాయి. అంటే అనుమానం పూర్తిగా పోలేదు, పేరు మార్చుకుందంతే!

అంతవరకు యానాదుల గురించిన రాతలు ఎక్కువగా సర్కారు కాగితాల్లోనే ఉండేవి. రాఘవయ్య వాళ్ల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 1968లో సంచార జాతుల మీద ఇంకోటి తెచ్చారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. 1981లో కన్నుమూశారు. నెల్లూరు జిల్లా ఎస్టీల్లో నేటికీ యానాదులే ఎక్కువ. వాళ్ల పిల్లలు ఇప్పుడు అందరితో పాటే బడికెళ్తున్నారు. ఆ బడిలో వాళ్లను ఏ పేరుతో పిలుస్తున్నారన్నది ఒకసారి మీ ఊళ్లోనే విని చూడండి.